ఎర్రదారం ఖరీదు

కారు కొనాలా వద్దా అన్నది ఈ రోజుల్లో సమస్యే కాదు. అప్పిచ్చేవాళ్ళు పొద్దున్నే ఫోన్ చేసి మరీ ఆ సందేహం తీరుస్తున్నారు. ఏ కంపెనీ కారన్నది కూడా మా పులివెందులలో పెద్ద చిక్కు కాదు. మేనమామ ఏది నడుపుతుంటే అది కొంటారు, మేనమామతో మాటల్లేకపోతే అది తప్ప ఇంకేదైనా కొంటారు. అసలు చిక్కంతా బండి వెనక తలుపు మీద ఒక మూలన అంటించే రెండు మూడక్షరాల దగ్గర మొదలవుతుంది. ఆ అక్షరాల వల్ల కాపురాలు కూలకపోవచ్చు గానీ, సంగటి ముద్ద ముందు కూర్చున్నప్పుడు మాటలు ఆగిపోతాయనీ, ఒకే మిద్దె కింద మూడు పార్టీలు తయారవుతాయనీ నా ఇంటి సాక్షిగా మనవి చేసుకుంటున్నాను.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన అయ్యవారిని. పింఛను, కొంచెం చీనీ తోట, తోటలో అప్పుడప్పుడూ నీళ్ళు పోసే ఒక బోరు, ఇదీ నా ఆస్తి. అక్షరానికీ అంకెకూ ఒక అర్థం ఉంటుందని నమ్మి బతికినవాణ్ణి. కార్ల కంపెనీలు వాటితో ఆడుతున్న ఆట చూసి ఊరుకోలేక ఈ మొర.

మారుతీవి ఎల్‌ఎక్స్‌ఐ, వీఎక్స్‌ఐ, జెడ్‌ఎక్స్‌ఐ. అక్షరమాలలో కిందికి పోయేకొద్దీ ధర పైకి పోతుంది, అంతవరకు క్రమం ఉంది, మెచ్చుకుంటాను. హ్యుందాయ్‌లో ఎస్‌ఎక్స్ తర్వాత ఎస్‌ఎక్స్ పక్కనే బ్రాకెట్లో ఓ. బ్రాకెట్టుకు లక్షల్లో విలువ కట్టడం నా సర్వీసులో ఎక్కడా చూడలేదు. మహీంద్రావాళ్ళ స్కార్పియో-ఎన్ జెడ్2, జెడ్4, జెడ్6, జెడ్8 అని వచ్చింది. అన్నీ సరిసంఖ్యలే, బేసిసంఖ్యలు ఏం పాపం చేశాయో తెలియదు. తర్వాత 2024లో అదే కంపెనీ థార్ రాక్స్ తెచ్చింది: ఎంఎక్స్1, ఎంఎక్స్3, ఎంఎక్స్5, ఏఎక్స్3ఎల్, ఏఎక్స్5ఎల్, ఏఎక్స్7ఎల్. బేసిసంఖ్యలు పగ తీర్చుకున్నాయి. టాటావాళ్ళు 2023లో నెక్సాన్‌కు అక్షరాలు, అంకెలు రెండూ మానేసి గుణగణాలు పెట్టారు: స్మార్ట్, ప్యూర్, క్రియేటివ్, ఫియర్‌లెస్. ఇందులో స్మార్ట్ అన్నది అన్నిటికన్నా కింది మెట్టు. తెలివైనవాడు అక్కడే ఆగుతాడని కంపెనీయే ఒప్పుకున్నట్టయింది కదా అని, కారు కావాలన్న మా కొడుక్కి చూపించాను. వాడు నా వైపు చూడలేదు.

మా నాయన కాలంలో ఈ బాధ లేదు. అంబాసిడర్‌లోనూ మార్క్ 2, మార్క్ 3 అని ఉండేవి. కానీ అవి కాలంతోపాటు వచ్చేవి. ఏ ఏడు కొంటే ఆ ఏటి బండే. పక్కింటాయనదీ అదే, తాసిల్దారుదీ అదే. పై మెట్టు, కింది మెట్టు అనే మాట లేదు. తర్వాత జీపులొచ్చాయి, సుమోలొచ్చాయి. సినిమావాళ్ళు సుమోలను ఆకాశంలోకి లేపి పేల్చి, మా సీమ పేరు దేశమంతా మోగించారు. ఆ పేలిన సుమో బేసిక్ మోడలా డీలక్సా అని థియేటర్లో ఒక్కడైనా అడిగినట్టు నాకు గుర్తులేదు.

ఇదంతా మామూలు బళ్ళ గొడవ. మావాడికి కావలసింది మామూలు బండి కాదు, స్పోర్ట్స్. వాడు బెంగళూరులో కంప్యూటర్ల ముందు కూర్చునే ఉద్యోగం చేస్తాడు. పగలంతా కదలకుండా ఉంటాడు కాబట్టి సాయంత్రం కదిలేది గట్టిగా కదలాలని వాడి వాదం.

“ఊరికే పోను రాను కాదు నాయనా. బండిలో కొంచెం పంచ్ ఉండల్ల.”

“ఎవుర్ని గుద్దడానికిరా?” అన్నాను. ఆ పూట చర్చ అక్కడితో ముగిసింది.

వాడు మరీ తెలివితక్కువవాడు కాదని కూడా చెప్పాలి. నిజం స్పోర్ట్స్ కారు, రెండు తలుపులతో నేలకు కరుచుకుని పోయేది, పూల అంగళ్ల సర్కిల్ దాటి మా వీధి మలుపు తిరగలేదని వాడికీ తెలుసు. వాడడిగేది సంసారపక్షపు స్పోర్ట్స్. నాలుగు తలుపులుండాలి, వెనక వాళ్ళమ్మ కూర్చోవాలి, డిక్కీలో రెండు చీనీ బస్తాలు పట్టాలి, చూసినవాళ్ళు మాత్రం ఇది పందెం బండి అనుకోవాలి. ఇలాంటి కోరిక దేశంలో లక్షలమందికి ఉందని కంపెనీలు ఎప్పుడో కనిపెట్టాయి. మామూలు కారుకే ఒక పై మెట్టు కట్టి, దాని మీద ఎన్ లైన్ అనో, జీటీ లైన్ అనో, జీటీ ప్లస్ అనో రాసి పెట్టాయి.

ఈ విషయంలో మాకు దూరాభారం కూడా లేదు. కదిరి మీదుగా పోతే రెండు మూడు గంటల్లో చేరే పెనుకొండ దగ్గర, యర్రమంచి గ్రామంలో కియా ఫ్యాక్టరీ ఉంది. సెల్టోస్ 2019 ఆగస్టులో అక్కడినుంచే బయటికొచ్చింది. అదే ఏడు డిసెంబరు 5న ఫ్యాక్టరీని లాంఛనంగా ప్రారంభించింది అప్పటి ముఖ్యమంత్రి, మా పులివెందుల ఎమ్మెల్యే జగన్మోహన్ రెడ్డి. అప్పటికే ఏటా మూడు లక్షల బళ్ళు తయారుచేసే సత్తా ఉన్న ఫ్యాక్టరీ అది. ఆ సెల్టోస్‌ను పుట్టుకతోనే రెండు పాయలు చేశారు. ఒకటి టెక్ లైన్, రెండోది జీటీ లైన్. మొదటిది సంసారులకు, రెండోది మావాడిలాంటివాళ్ళకు. జీటీ లైన్‌లో 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, 140 గుర్రాల బలం. చక్రాల మధ్యనుంచి తొంగిచూసే బ్రేకులకు ఎర్రరంగు. స్టీరింగుకు, సీట్లకు ఎర్రదారం కుట్టు. 2021లో ఎక్స్-లైన్ అని ఇంకో మెట్టు దానిపైన లేపారు. దాని రంగు మెరవదు, అదే దాని గొప్ప. మా దుమ్ములో రెండు రోజులు నిలబెడితే ఏ బండైనా మెరవదు గదా, దానికి వేరే డబ్బెందుకని నా ప్రశ్న. జవాబు రాలేదు.

ఇక్కడ లెక్కల అయ్యవారి బుద్ధి ఊరుకోదు. స్పోర్ట్స్ అని ఎక్కువ తీసుకున్న డబ్బుకు బండిలో నిజంగా మారిందేమిటి? హ్యుందాయ్‌వాళ్ళు 2021 సెప్టెంబరులో ఐ20 ఎన్ లైన్ తెచ్చారు. ఎన్6, ఎన్8 అని రెండు మెట్లు. 1 లీటరు టర్బో ఇంజను, 120 గుర్రాలు. అప్పటికే మామూలు ఐ20లోనూ అదే ఇంజను, అవే 120 గుర్రాలు. మార్చినవేమిటంటే, స్ప్రింగులు బిగించారు, స్టీరింగుకు బరువు తెచ్చారు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు పెట్టారు, పొగగొట్టానికి రెండు నోళ్ళు పెట్టి గొంతు పెంచారు. బ్రేకుల మాట నిజం, అది డబ్బు పెట్టదగ్గ వస్తువే, కాదనను. కానీ పొగగొట్టం గొంతుకు డబ్బు కట్టే కాలం వస్తుందని మా నాయనకు చెప్పి ఉంటే, తన ట్రాక్టరుకు సైలెన్సరు ఊడినప్పుడు బాగు చేయించకుండా టికెట్టు పెట్టి ఉండేవాడు.

ఫోక్స్‌వ్యాగన్ సంగతి ఇంకా లోతు. వర్టస్ 2022లో వచ్చినప్పుడు జీటీ అని రాసి ఉంటే 1.5 లీటర్ల ఇంజను, 150 గుర్రాలు అని ఒక నమ్మకం ఉండేది. 2024లో జీటీ లైన్ అని ఇంకోటి దింపారు. బయట నల్లరంగు హంగులన్నీ అవే, లోపల మాత్రం 1 లీటరు ఇంజను, 115 గుర్రాలు. పెద్ద ఇంజను కావాలంటే జీటీ ప్లస్ కొనాలి. జీటీకి లైన్ కలిపితే 35 గుర్రాలు తీసేసినట్టూ, ప్లస్ కలిపితే ఉన్నవి ఉన్నట్టూ లెక్క. కూడికకు తీసివేత ఫలితం రావడం గణితశాస్త్రంలో ఉంది. రుణసంఖ్యల పాఠంలో. కారు కొనేవాడికి రుణం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

మా బామ్మర్దిది ప్రొద్దుటూరు. బంగారు అంగళ్ళ మధ్య పుట్టి పెరిగినవాడు, ఏ వస్తువు చూసినా మొదట చేత్తో తూకం చూస్తాడు. కేటలాగు చూసి అతనన్న మాట నాకు నచ్చింది.

“బావా, మా అంగట్లో చైను కొంటే బంగారం ఇంత, తరుగు ఇంత, కూలి ఇంత అని మూడూ వేరేగా రాసిస్తాం. గట్టిగా అడిగినోనికి తరుగులో తగ్గిస్తాం. వీళ్ళేంది, అంతా కలిపి ఒకే ముద్ద చేసినారే! ఇంజనెంత, దారమెంత అని చీటీ రాసీమను చూద్దాం.”

రాసివ్వరు. రాసిస్తే ఎర్రదారం ఖరీదు బయటపడుతుంది.

ఒకనాడు షోరూం అబ్బాయి బండిని ఇంటికే తెచ్చాడు. ఏ కంపెనీదో, ఏ షోరూమో చెప్పను, ఆ పిల్లవాడి ఉద్యోగం నాకెందుకు? ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. మా ఊళ్ళో ఎండలు నలభై రెండు, నలభై మూడు దాకా పోతాయి. తలుపు తీశాను. స్పోర్ట్స్ మెట్టు కాబట్టి లోపల సర్వం నలుపు. సీట్లు నలుపు, డ్యాష్‌బోర్డు నలుపు, నెత్తిమీద కప్పు గుడ్డ కూడా నలుపు. కింది మెట్టు బండిలో లేత గోధుమరంగు ఉంటుందట, అది సంసారుల రంగు. నల్లటిది ఎండను ఎక్కువ పీలుస్తుందని ఏడో తరగతి సామాన్యశాస్త్రం. కూర్చున్నాను. వెంటనే లేచాను. రెండోసారి కింద తుండుగుడ్డ వేసుకుని కూర్చున్నాను. సీటు బెల్టు నాలుక పట్టుకుంటే వేళ్ళు చుర్రుమన్నాయి.

“సార్, వెంటిలేటెడ్ సీట్లున్నాయి, రెండు నిమిషాలు” అన్నాడు అబ్బాయి. నిజమే, కాసేపటికి కిందినుంచి గాలి వచ్చింది. ఇంత వయసులో నాకు కారు మీద మనసు పడింది ఆ ఒక్క నిమిషమే. ఇది కింది మెట్టులో ఉందా అనడిగాను. లేదన్నాడు. సీటు నల్లగా చేసి కాల్చేది ఈ మెట్టే, దాన్ని చల్లార్చేదీ ఈ మెట్టే.

ముద్దనూరు రోడ్డెక్కాం. మావాడు నడుపుతున్నాడు, అబ్బాయి పక్కన, నేను వెనక. స్పోర్ట్ మోడ్ చూపిస్తానని అబ్బాయి ఏదో నొక్కాడు. ముందున్న తెర మొత్తం ఎర్రబడింది. ఇంజను గొంతు మారింది. మావాడి మెడ కొంచెం ముందుకొచ్చింది. సరిగ్గా అప్పుడే రోడ్డుకు అడ్డంగా గొర్ల మంద. అది అంతులేకుండా వస్తోంది, వెనక కాపరి చేతికర్ర భుజాన అడ్డంగా పెట్టుకుని, రెండు చేతులూ దానికి వేలాడేసి, తొందర అనే మాట వినని మనిషిలా నడుస్తున్నాడు. బండి టపీమని తనంతట తనే ఆగింది. ముందు ఏదైనా అడ్డమొస్తే తానే బ్రేకు వేసే ఏర్పాటు పై మెట్టులో ఉంటుందని అబ్బాయి గర్వంగా చెప్పాడు. తెల్లగీతల మధ్య బండిని నిలబెట్టే ఏర్పాటు కూడా ఉందట. గీతలెక్కడ అన్నాను. అబ్బాయి కిటికీలోంచి తొంగిచూసి, ఆ గీతల ఏర్పాటు గురించి మళ్ళీ మాట్లాడలేదు.

గొర్ల వెనకాల అంగుళం అంగుళం కదిలాం. ఈ తరగతి బళ్ళలో ఎక్కువగా వచ్చేది ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్, అదీ నూనెలో మునగని పొడి క్లచ్. రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు గేరు మారినట్టే తెలియదు, ఎంతో హాయి. నడక వేగంతో పాకేటప్పుడు మాత్రం క్లచ్ సగం పట్టీ పట్టక జారుతూ వేడెక్కుతుంది. అంటే ఈ బండికి నూట ఇరవైలో పోవడం సుఖం, గొర్ల వెనక పోవడం కష్టం. పులివెందుల చుట్టుపక్కల ఈ రెంటిలో ఏది ఎక్కువ దొరుకుతుందో చెప్పడానికి లెక్కల అయ్యవారు అక్కర్లేదు, గొర్ల కాపరి చాలు. క్లచ్ నీ చేతిలో, అంటే కాలిలో, ఉండాలంటే మాన్యువల్ గేర్లు తీసుకోవాలి. చాలా బళ్ళలో మాన్యువల్ తీసుకుంటే పై మెట్టు ఇవ్వరు. మధ్యలో ఐఎంటీ అని ఒక వింత తెచ్చారు. గేరు కర్ర ఉంటుంది, క్లచ్ పెడలు ఉండదు. మా ట్రాక్టరు డ్రైవరుకు ఇది చెబితే చేతిలో గ్లాసు కింద పెట్టి, “సారూ, మీకు ఆరోగ్యం బాగుందా?” అన్నాడు.

వేగం మాటకొద్దాం. నిలబడిన చోటినుంచి నూరు కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఇలాంటి బండికి పది సెకన్లు పడుతుందనుకుందాం. వేగం సమంగా పెరిగితే ఆ పది సెకన్లలో అది పోయే దూరం 139 మీటర్లు. మొదట్లో ఊపు ఎక్కువ, తర్వాత తక్కువ కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువ, నూట యాభై దాటుతుంది. మళ్ళీ ఆపడానికి ఇంకో నలభై యాభై. మొత్తం రెండు వందల మీటర్లు ఖాళీ రోడ్డు కావాలి. మా వీధిలో రెండు స్పీడ్ బ్రేకర్ల మధ్య నిలబడి ఒకరినొకరు మామూలు గొంతుతో పిలుచుకోవచ్చు. మావాడు ఆ లెక్క చూసి, “హైవే ఉండాది గదా నాయనా” అన్నాడు. ఉంది. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మధ్యలో డివైడరున్న నాలుగు వరసల రోడ్డులో కారుకు గరిష్ఠ వేగం 100. మామూలు రోడ్లలో 70. అరవై ఏడు గుర్రాల కారు కూడా ఆ రెండూ అందుకుంటుంది. మిగతా గుర్రాలకు ఊరికే గడ్డి వేయడమే. పెట్రోలు లీటరు నూటపది దగ్గర ఆడుతున్న రోజుల్లో ఆ గడ్డి ఖరీదు చిన్నదేమీ కాదు.

వీధుల్లో పందేలు మన దగ్గర జరగలేదా అంటే జరిగాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ పెట్టారు, ఫ్రాన్సువాడు వెర్న్ గెలిచాడు. ఒక రోజు పందేనికి ఆ చుట్టుపక్కల రోడ్లన్నీ రోజుల తరబడి మూసేశారు, స్పీడ్ బ్రేకర్లు తీసేశారు, రెండు పక్కలా కాంక్రీటు గోడలు పెట్టారు. మరుసటి ఏటి పందెం రద్దయింది. అంత సర్కారుకే రెండో ఏడు సాగలేదు, పింఛనుదారుడికి సాగుతుందా?

స్పీడ్ బ్రేకరు అన్నాను కదా, దాని గురించి కొంత చెప్పకపోతే ఈ మొర సంపూర్ణం కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే దానికి కొలతలు రాసిపెట్టింది. వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. 1.85 వర్గాన్ని 34తో భాగించి చూశాను, దాదాపు 0.1 వస్తుంది. ఎవరో శ్రద్ధగా గీసిన చాపం అది. ఇరవై అయిదు కిలోమీటర్ల వేగంతో పోతే నడుము తెలియకుండా దాటిస్తుంది. మా వీధిలోది ఆ పుస్తకం చూసి కట్టింది కాదు. ఎదురింటాయన మిద్దె వేసినప్పుడు మిగిలిన కాంక్రీటు ఎక్కడ పోయాలో తెలియక తన గేటు ముందు పోసుకున్నాడు. వెడల్పు ఒక మూర, ఎత్తు జానకు కాస్త తక్కువ. దాని వంపుకు వ్యాసార్ధం లేదు, కోపం ఉంది. అది చూసి పక్కింటాయన తన గేటు ముందూ ఒకటి వేశాడు, ఆయనకేం తక్కువని.

వర్టస్ లాంటి కారు నేలకు 179 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అది ఖాళీ బండి లెక్క. అందులో మా కుటుంబాన్నీ, గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోయేటప్పుడు తీసుకుపోయే సామాన్లనూ, దారిలో వేంపల్లెలో ఎక్కే మా వదినెనూ వేస్తే ఎంత మిగులుతుందో నేను లెక్క కట్టగలను గానీ, మా వదినె ఇది చదువుతుంది. ఆ రోజు షోరూం బండి తిరిగొచ్చేటప్పుడు ఎదురింటాయన బ్రేకరు దాని కడుపును ఒకసారి గీరింది. అబ్బాయి కళ్ళు మూసుకున్నాడు. ఎదురింటాయన గేటు దగ్గర నిలబడి, తన పనితనం ఎట్లా ఉందో చూసుకున్నాడు.

ఇక చక్రాలు. నా మొత్తం ఫిర్యాదులో నేను నవ్వకుండా చెప్పేది ఇదొక్కటే. పై మెట్టుకు పోయేకొద్దీ చక్రం పెద్దదవుతుంది, చూడ్డానికి అందం. కానీ టైరు బయటి కొలత దాదాపు అంతే ఉంచాలి కాబట్టి, లోపలి లోహపు చక్రం పెరిగేకొద్దీ రబ్బరు తగ్గుతుంది. టైరు మీద 205/65 ఆర్16 అని ఉంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, అంటే 133 మిల్లీమీటర్లు. 215/60 ఆర్17 అయితే 129. 215/55 ఆర్18 అయితే 118. పదహారు అంగుళాలనుంచి పద్దెనిమిదికి పోయేసరికి గుంతకూ చక్రానికీ మధ్యనున్న రబ్బరు ఒకటిన్నర సెంటీమీటరు తగ్గింది. నున్నటి రోడ్డు మీద మలుపులో బండి గట్టిగా పట్టుకోవడానికి అది పనికొస్తుంది, ఒప్పుకుంటాను. కంకర లారీలు, అరటి గెలల లారీలు తిరిగే రోడ్డులో, రాత్రిపూట ఎదురు లైట్ల వెలుగులో గుంత కనపడనప్పుడు, ఆ ఒకటిన్నర సెంటీమీటరే అలాయ్ చక్రం పగలకుండా కాపాడేది. అంటే ఎక్కువ డబ్బిచ్చి తక్కువ రబ్బరు కొంటున్నాం. మా రోడ్లకు సరిపోయే చక్రం కింది మెట్టులో ఉంది, మావాడికి సరిపోయే ఇంజను పై మెట్టులో ఉంది. రెండూ కలిపి ఇవ్వరు.

ఎందుకివ్వరో కనిపెట్టినవాడు కూడా ఉన్నాడు. జూల్ డ్యుపుయి అని ఫ్రాన్సు ఇంజనీరు. 1849లో రైళ్ళ గురించి రాస్తూ, మూడో తరగతి పెట్టెలకు కప్పు వేయకపోవడం కంపెనీలు కొన్ని వేల ఫ్రాంకులు మిగుల్చుకోవడానికి కాదనీ, రెండో తరగతికి డబ్బు పెట్టగలిగినవాడు మూడో తరగతిలో ఎక్కకుండా భయపెట్టడానికనీ వివరించాడు. బీదవాణ్ణి బాధపెట్టడం వాళ్ళ ఉద్దేశం కాదు, ఉన్నవాణ్ణి బెదిరించడం. మా కేటలాగు ముందు పెట్టుకుంటే ఆయన మాట అక్షరాలా అర్థమైంది. కింది మెట్టుకు వెనక అద్దం తుడిచే వైపరు ఇవ్వకపోవడం వైపరు ఖరీదుకు భయపడి కాదు, నన్ను పైకి తోలడానికి. డ్యుపుయి కాలంనుంచి మారింది ఒక్కటే. అప్పట్లో కప్పు లేనిది మూడో తరగతి, ఇప్పుడు కప్పులో కంత ఉన్నది మొదటి తరగతి. దాన్ని సన్‌రూఫ్ అంటారు. సూర్యుణ్ణి లోపలికి పిలవడానికి మనిషి డబ్బు కట్టడం పులివెందులలో చూస్తానని నేననుకోలేదు. మా ఇంటావిడ మాత్రం అది లేనిదే ఒప్పుకోదు.

“ఇంత దుడ్డు పోసి కొంటా, పైన కిటికీ లేకుంటే ఎవరన్నా నవ్వరా?”

ఎండలో దాన్ని తెరుస్తావా అని అడిగాను. తెరవదట. ఉండాలంతే.

ప్రభుత్వం కూడా తన వంతు చేసింది. 2025 సెప్టెంబరు 22నుంచి నాలుగు మీటర్లలోపు పొడవుండి, పెట్రోలు ఇంజను 1200 సీసీ దాటని కార్లకు జీఎస్టీ 18 శాతం, పెద్దవాటికి 40. ఐ20 పొడవు 3995 మిల్లీమీటర్లు. గడప దగ్గర అయిదు మిల్లీమీటర్లు మిగుల్చుకుని లోపలే ఉండిపోయింది, దాన్ని గీసినవాడికి నా నమస్కారం. కానీ శాతమంటే శాతమే. ఇంజను మీద ఎంతో, ఎర్రదారం మీదా అంతే. దాని మీద మళ్ళీ లైఫ్ టాక్సు, దాని మీద ఇన్సూరెన్సు. ఆఖరికి నంబరు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకటే కోడ్ ఇచ్చారు. మా కడప జిల్లా ఏపీ 04 పోయింది, బండి చూసి మనోడని చెయ్యెత్తే సౌకర్యమూ పోయింది. అందుకని ఇప్పుడు అంతా చివరి నాలుగు అంకెల మీద పడ్డారు. మావాడికి ఆ నాలుగూ కలిపితే తొమ్మిది రావాలట.

చివరికి నేనొక కాగితం రాసి షోరూం అబ్బాయికి ఇచ్చాను. పులివెందుల వేరియంట్ అని పేరు పెట్టాను. పెద్ద ఇంజను, మావాడి కోసం. మాన్యువల్ గేర్లు, గొర్ల కోసం. పదహారు అంగుళాల చక్రాలు, పక్క గోడ 133 మిల్లీమీటర్లకు తగ్గరాదు. గాలి వచ్చే సీట్లు, లోపల లేతరంగు. నాలుగు డిస్క్ బ్రేకులు, ఆరు ఎయిర్‌బ్యాగులు. కప్పుకు కంత వద్దు, మా ఇంటావిడకు నేను చెప్పుకుంటాను. వెనక తలుపు మీద అక్షరాలేవీ వద్దు, ఖాళీ ఉంటే అక్కడ దిష్టిబొమ్మ స్టిక్కరు వేసుకుంటాం.

అబ్బాయి ఓపికగా అంతా ట్యాబులో కొట్టి చూశాడు.

“సిస్టం తీసుకుంటలేదు సార్.”

మావాడే మధ్యేమార్గం చెప్పాడు. మధ్య మెట్టు కొందాం, చిన్న చక్రాలే ఉండనీ, ఇంజను చిన్నదైనా సర్దుకుంటాను, అక్షరాలు బెంగళూరు జేసీ రోడ్డులో కొన్ని వందలకు దొరుకుతాయి, తెచ్చి అంటిస్తాను అని. నా అరుపులన్నిటికీ కారణమైన ఆ అక్షరాలు వందల్లో దొరుకుతాయని వాడికి మొదటినుంచీ తెలుసట. నేనడగలేదట.

ఎర్రదారం సంగతి బామ్మర్ది చూసుకుంటానన్నాడు. ప్రొద్దుటూరులో సీటు కవర్లు కుట్టే అంగడికి తీసుకుపోయాడు. లేత గోధుమరంగు మీద ఎర్రదారం, చూడ్డానికి బాగానే ఉంది. కుట్టేవాడు కేటలాగు తెరిచాడు. స్టాండర్డ్, డీలక్స్, ప్రీమియం, స్పోర్ట్స్. స్టాండర్డ్ చాలన్నాను. సరే గానీ, సీటు పక్కనుంచి ఎయిర్‌బ్యాగు బయటికొస్తుంది కదా, ఈ కవరు దాన్ని ఆపేయదా అని అడిగాను. ఆ చోట బలహీనమైన దారంతో, ఎయిర్‌బ్యాగు తగిలితే చినిగిపోయేటట్టు కుడతామన్నాడు.

“అయితే అది ప్రీమియంనుంచే సార్. స్టాండర్డ్‌లో రాదు.”